మొదటి గేర్ల బండి: సీసీ తర్వాత, ముందు బరువూ బ్రేకూ

బండి కొందామనుకుంటున్నా అని ఇంట్లో అనగానే సలహాలు మొదలవుతాయి. నాన్న స్ప్లెండర్ అంటారు, ఆయన ఏళ్ల తరబడి నడిపింది అదే కాబట్టి. ఫ్రెండ్స్ యమహా ఎంటీ-15 అంటారు. బాబాయ్ అయితే "తీసుకుంటే బుల్లెట్టే తీసుకోరా, రోజూ కొంటామా ఏంటి" అంటాడు. షోరూమ్‌లో కుర్రాడు ఆ నెల ఏది అమ్ముడుపోవాలో దాన్ని చూపిస్తాడు. ఎవరూ అబద్ధం చెప్పరు. కాకపోతే ఎవరికి వాళ్లు తమకు అలవాటైన బండి గురించి చెబుతారు, మీకింకా ఏ బండీ అలవాటు కాలేదు.

ఇది గేర్ల బండి ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ల కోసం. స్కూటీ నడుపుతూ మోటార్‌సైకిల్‌కి మారాలనుకునేవాళ్లకి కూడా. బడ్జెట్ డెబ్భై, ఎనభై వేల నుంచి రెండు లక్షల పైచిలుకు దాకా అనుకుందాం. నా మాట ముందే చెప్పేస్తాను: మొదటి బండిలో డబ్బు పెట్టాల్సింది ఇంజన్ మీద కాదు, బ్రేకుల మీద. ఆ తర్వాత చూడాల్సింది బరువు. ఈ రెండూ కుదిరాక మైలేజీ, లుక్, పికప్ ఏవైనా మీ ఇష్టం.

## కాళ్లు ఆనాలి, చేతులు మోయాలి

కొత్తవాళ్లు ఎక్కువగా పడేది స్పీడులో కాదు. యూటర్న్ తిప్పుతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఇసుకలో కాలు జారినప్పుడు, సెల్లార్ ర్యాంప్ ఎక్కుతూ మధ్యలో బండి ఆగిపోయినప్పుడు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్ అనుభవం ఉన్నవాళ్లకి ఈ చివరిది వెంటనే అర్థమవుతుంది. నిటారుగా ర్యాంప్, పైన గేటు, గేటు దాటగానే రోడ్డు. హాఫ్ క్లచ్‌లో (క్లచ్ సగమే వదిలి) నిలబెట్టి అటూ ఇటూ చూసి మలుపు తీసుకోవాలి. అక్కడ 112 కిలోల బండి పక్కకి ఒరిగితే కాలుతో ఆపుకోవచ్చు. 195 కిలోల బండి ఒరిగితే పక్కకి తప్పుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

అందుకే సీటు ఎత్తు, బరువు కలిపి చూడాలి. సీటు ఎత్తును కంపెనీలు మిల్లీమీటర్లలో ఇస్తాయి. అయిదడుగుల రెండు, మూడు అంగుళాల ఎత్తున్నవాళ్లకి 790 లోపు ఉంటే సుఖం. కానీ ఆ అంకె ఒక్కటే చాలదు. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు బయటికి చాచాల్సి వస్తుంది, అప్పుడు అంకె తక్కువున్నా పాదం నేలకి అందదు. సీటు సన్నగా ఉంటే 810 కూడా అందుతుంది. అందుకే కాగితం మీద చూసి తేల్చుకోకండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లి కూర్చోండి. సైడ్ స్టాండ్ మీద నుంచి లేపండి. దిగకుండా, ఇంజన్ ఆఫ్‌లో ఉంచి, కాళ్లతోనే నాలుగడుగులు వెనక్కి నెట్టండి. షోరూమ్‌లో ఇలా చేస్తుంటే కాస్త సిగ్గుగా అనిపిస్తుంది. పర్లేదు.

## ముందు బ్రేక్ అంటే భయం

మనలో చాలామందికి బండి నేర్పినవాళ్లు మొదట చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేక్ ముట్టుకోకు, ఎగిరి పడతావ్." నిజానికి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ఒక్క వెనక బ్రేక్ మీదే ఆధారపడితే బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది, గట్టిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది. అలాగని పెద్దవాళ్ల భయం ఉత్తదేం కాదు. కంగారులో ముందు బ్రేక్ గుంజి పట్టుకుంటే చక్రం తిరగడం ఆగిపోతుంది, తడి రోడ్డు మీదో ఇసుక మీదో బండి కింద పడుతుంది.

కొత్తవాళ్లకి కంగారు సహజం. గేదె అడ్డొస్తే, ఆటో సడన్‌గా ఆగితే చెయ్యి తనంతట తానే లివర్‌ని గుంజుతుంది. ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) ఉన్నది ఆ క్షణం కోసమే. చక్రం లాక్ అవబోతుంటే గుర్తించి బ్రేక్‌ని క్షణానికి అనేకసార్లు వదిలి పడుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది, హ్యాండిల్ మీ మాట వింటూనే ఉంటుంది. వంపు తిరుగుతూ పక్కకి వాల్చిన బండిని ఇది కాపాడుతుందనుకోకండి. తిన్నగా వెళ్తున్నప్పుడు మాత్రం బాగా పనిచేస్తుంది.

సీబీఎస్ (కంబైన్డ్ బ్రేకింగ్ సిస్టమ్) వేరు. వెనక బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంచెం పడుతుంది, అంతే. చక్రం లాక్ అవడాన్ని అది ఆపదు. పాంప్లెట్‌లో రెండూ ఒకే సైజు అక్షరాల్లో వేస్తారు కాబట్టి తేడా తెలియక చాలామంది "ఇందులోనూ ఏదో బ్రేక్ సిస్టమ్ ఉందిలే" అనుకుంటారు.

ఇక్కడే ఇంజన్ సైజు, అంటే సీసీ, ముఖ్యమవుతుంది; గీత 125 దగ్గర ఉంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. 125, ఆ లోపు బండ్లకి సీబీఎస్ ఉంటే చాలని ఆ నిబంధన చెప్పింది. చిన్న బండ్లకి కూడా ఏబీఎస్ పెట్టించాలని కేంద్రం 2025లో ముసాయిదా తెచ్చింది. కాబట్టి మీరు కొనే రోజున ఆ మోడల్లో, ఆ వేరియంట్లో ఏముందో షోరూమ్‌లో అడిగి, ఇన్వాయిస్ మీద వేరియంట్ పేరు చూసుకోండి. సింగిల్ చానల్ ఏబీఎస్ అంటే ముందు చక్రానికి మాత్రమే. డ్యూయల్ చానల్ అంటే రెండిటికీ. మొదటి బండికి సింగిల్ ఉన్నా నాకు సమ్మతమే, అసలు లేకపోవడం కంటే అది ఎంతో నయం.

## మైలేజీ లెక్క ఒకసారి వేసి చూడండి

మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఎంతిస్తుంది?" అని. అడగాల్సిందే, కానీ మీరు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో తెలియకుండా అడిగితే ఆ జవాబుతో పని లేదు. లీటరు 108 రూపాయలు అనుకుని, రోడ్డు మీద మామూలుగా వచ్చే మైలేజీతో లెక్క ఇది:

| తరగతి | లీటరుకి సుమారు | నెలకి 1,000 కి.మీ. అయితే | నెలకి 300 కి.మీ. అయితే |
|---|---|---|---|
| 100 సీసీ | 60 కి.మీ. | రూ. 1,800 | రూ. 540 |
| 125 సీసీ | 55 కి.మీ. | రూ. 1,960 | రూ. 590 |
| 150–160 సీసీ | 45 కి.మీ. | రూ. 2,400 | రూ. 720 |
| 350 సీసీ | 33 కి.మీ. | రూ. 3,270 | రూ. 980 |

రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి 100 సీసీకీ 160 సీసీకీ మధ్య తేడా నెలకి ఆరువందలు. కాలేజీకి, కోచింగ్‌కి, కూరగాయలకి తిరిగి నెలకి మూడువందల కిలోమీటర్లు దాటనివాళ్లకి అదే తేడా 180 రూపాయలు. ఆ 180 కోసం ఏబీఎస్ వదులుకోవడం నాకైతే మింగుడుపడదు.

పెట్రోలు ఒక్కటే కాదు, సీసీ గీతలు మరో రెండు చోట్ల జేబుని తాకుతాయి. మొదటిది ఇన్సూరెన్స్. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాలి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా రూ. 3,851, 150 దాటి 350 దాకా రూ. 7,365, 350 దాటితే రూ. 15,117. 149 సీసీ ఉన్న యమహా ఎఫ్‌జెడ్ గీతకి ఇవతల ఉంటే, 162.7 సీసీ హోండా యూనికార్న్ అవతల ఉంది. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది, 350 దాటినవాటి మీద 40 శాతానికి పెరిగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, హంటర్ 349 సీసీ కాబట్టి తక్కువ పన్నులోనే ఉన్నాయి. 400 సీసీ బండ్ల మీద మనసు పడ్డవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. మొదటి బండికి అవి ఎలాగూ వద్దనే అంటాను.

మెకానిక్ సంగతి ఊరిని బట్టి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఏ కంపెనీకైనా సర్వీస్ సెంటర్ ఉంటుంది. మండల కేంద్రంలో ఉండేవాళ్లు మాత్రం దగ్గరలో ఎవరి షోరూమ్ ఉందో, స్పేర్ పార్టులు ఎంత దూరం నుంచి వస్తాయో కనుక్కోవాలి. ఇంజన్ ఎంత బాగున్నా చిన్న క్లచ్ కేబుల్ కోసం యాభై కిలోమీటర్లు వెళ్లాల్సి వస్తే విసుగొస్తుంది.

## అంకెలు పక్కపక్కన

వేరియంట్‌ని బట్టి రెండు, మూడు కిలోలు అటూ ఇటూ ఉండొచ్చు. పోల్చుకోవడానికి ఇవి చాలు.

| బండి | ఇంజన్ | బరువు | సీటు ఎత్తు | బ్రేకులు |
|---|---|---|---|---|
| స్ప్లెండర్ ప్లస్ | 97.2 సీసీ | 112 కిలోలు | 785 మి.మీ. | డ్రమ్, సీబీఎస్ తరహా |
| షైన్ 125 | 123.9 సీసీ | 113 కిలోలు | 791 మి.మీ. | డ్రమ్ లేదా డిస్క్, సీబీఎస్ |
| ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ | 124.7 సీసీ | 136 కిలోలు | 794 మి.మీ. | ఏబీఎస్ వేరియంట్ ఉంది |
| ఎఫ్‌జెడ్-ఎస్ | 149 సీసీ | 136 కిలోలు | 790 మి.మీ. | ఏబీఎస్ |
| యూనికార్న్ | 162.7 సీసీ | 139 కిలోలు | 798 మి.మీ. | ఏబీఎస్ |
| ఎంటీ-15 | 155 సీసీ | 141 కిలోలు | 810 మి.మీ. | డ్యూయల్ చానల్ ఏబీఎస్ |
| హంటర్ 350 | 349 సీసీ | 181 కిలోలు | 790 మి.మీ. | ఏబీఎస్ |
| మీటియర్ 350 | 349 సీసీ | 191 కిలోలు | 765 మి.మీ. | డ్యూయల్ చానల్ ఏబీఎస్ |
| క్లాసిక్ 350 | 349 సీసీ | 195 కిలోలు | 805 మి.మీ. | ఏబీఎస్ |

బరువు కాలమ్ ఒక్కటే పై నుంచి కిందకి చదవండి. 112 నుంచి 141 దాకా మెల్లగా పెరిగి, 350 దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా నలభై కిలోలు ఎగిరింది. నేర్చుకునేవాళ్లకి అసలైన మెట్టు అక్కడుంది, 125కీ 150కీ మధ్య కాదు.

## 100 సీసీ: స్ప్లెండర్, షైన్ 100, ఆ కుటుంబం

1994లో వచ్చిన స్ప్లెండర్ ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉందంటే కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. తేలిక, మెత్తటి క్లచ్, నాలుగే గేర్లు, ఊరూరా మెకానిక్, అమ్మితే మంచి రేటు. పొలానికి వెళ్లే గతుకుల బాటలో, పాల క్యాన్లు కట్టుకుని తిరిగే పనిలో దీనికి సాటి లేదు. 2023లో వచ్చిన హోండా షైన్ 100 ఇంకా తేలిక, 99 కిలోలే. గేర్లు నేర్చుకోవడానికి వీటికన్నా సులువైన బండి కొత్తవాటిలో దొరకదు.

లోటు రెండు చోట్ల. ఒకటి బ్రేకులు, పైన చెప్పాను. రెండోది హైవే. మోటార్‌సైకిల్‌కి నాలుగు లేన్ల హైవే మీద కూడా గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే అని కేంద్రం 2018లో పరిమితి పెట్టింది. ఎనిమిది హార్స్‌పవర్ ఉన్న స్ప్లెండర్ ఆ 80 అందుకోగలదు. కానీ అందుకున్నాక దానిలో ఇంకేమీ మిగలదు. పక్క నుంచి లారీ దూసుకుపోతే ఆ గాలికి బండి ఊగుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బండి మీదే వెళ్లే కుర్రాళ్లని ఎన్‌హెచ్ 65 మీద చూస్తుంటాం. 270 కిలోమీటర్లు 100 సీసీ మీద వెళ్లొచ్చు, వెళ్తున్నారు కూడా. సుఖంగా అని మాత్రం అనలేం.

## 125 సీసీ: మధ్యలో ఇరుక్కున్నవాళ్ల ఇష్టం

హోండా షైన్, ఎస్‌పీ 125, టీవీఎస్ రైడర్, బజాజ్ పల్సర్ 125, హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్. బరువు షైన్‌లో 100 సీసీ బండి కంటే కొంచెమే ఎక్కువ, ఎక్స్‌ట్రీమ్‌లో 136 కిలోల దాకా; పవర్ పదకొండు దాకా, అయిదో గేరు. సిటీలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక మనిషి ఉన్నా గేరు తగ్గించక్కర్లేదు. మైలేజీ దాదాపు అంతే.

మామూలుగా ఇలాంటి పోలికల్లో 125ని అందరికీ నప్పే బండిగా తేల్చేసి చేతులు దులుపుకుంటారు. నేను ఒక షరతు పెడతాను: ఏబీఎస్ ఉన్న 125 తీసుకుంటేనే. 2024 మొదట్లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ లోనూ, 2025లో వచ్చిన హోండా సీబీ 125 హార్నెట్ లోనూ సింగిల్ చానల్ ఏబీఎస్ ఉంది. ఏబీఎస్ లేని 125కి లక్ష దాకా పెట్టేకంటే, ఇంకో పది, ఇరవై వేలు కలిపి 150లోకి వెళ్లడం మేలు. ఆ తేడాకి మీరు కొనేది ఆ కాస్త పికప్‌నే అనుకుంటారు, అసలు కొనేది ముందు చక్రం లాక్ అవకుండా ఉండటాన్ని.

## 150–160: ఒకే తరగతి, రెండు జాతులు

సీసీ చూసి తేల్చుకునేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. యూనికార్న్, ఎంటీ-15 రెండూ దాదాపు ఒకే సైజు ఇంజన్లు. యూనికార్న్ ఇచ్చేది 13 హార్స్‌పవర్, ఎంటీ-15 ఇచ్చేది 18. స్వభావం కూడా వేరు. యూనికార్న్ కింది గేర్లలో మెత్తగా లాగుతుంది, యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పినా ఉలిక్కిపడదు. ఎంటీ-15, యమహాదే అయిన ఆర్15 ఇంజన్లు పై ఆర్‌పీఎంలో (ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు) ఉత్సాహంగా ఉంటాయి. అక్కడికి తీసుకెళ్లాలని చెయ్యి లాగుతుంటుంది, కొత్తవాళ్లకి ఆ చేతి మీద ఇంకా అదుపు రాదు.

ఆర్15 మీద మరో ఫిర్యాదు. ముందుకి వంగి కూర్చోవాలి కాబట్టి బరువంతా మణికట్టు మీద పడుతుంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరున్నరకి క్లచ్ పట్టుకుని వదులుతూ వెళ్తే ఆ ఫిర్యాదు ఏమిటో తెలుస్తుంది. హ్యాండిల్ కూడా తక్కువ తిరుగుతుంది, సందుల్లో ఒక్కసారికి యూటర్న్ పడదు. వెనక సీటు చిన్నది, ఎత్తు. అమ్మ చీరలో ఒక పక్కకి కాళ్లు వేసి కూర్చోవాలంటే ఆ సీటు మీద కుదరదు. ఇంట్లో ఎవరినైనా వెనక ఎక్కించుకునే పని రోజూ ఉంటే ఈ రెండు బండ్లనీ లిస్టులోంచి తీసేయండి. (అన్నట్టు, లుక్ పాడవుతుందని శారీ గార్డ్ పీకించేసే అలవాటు ఒకటుంది. వెనక కొంగో చున్నీయో ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఉంచుకోండి.)

ఎఫ్‌జెడ్-ఎస్ నాకు ఈ తరగతిలో మొదటి బండిగా బాగా నచ్చుతుంది. 12 హార్స్‌పవర్ చిల్లరే కాబట్టి "ఇంత డబ్బుకి ఇంతేనా" అని ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తారు. వెడల్పాటి వెనక టైరు, నిటారుగా కూర్చునే తీరు, ఏబీఎస్, 150 లోపు ఇన్సూరెన్స్. కొత్తవాళ్లకి కావాల్సినవన్నీ ఉన్నాయి, లేనిది గొప్పలు చెప్పుకోవడానికి వేగం. అపాచీ 160, పల్సర్ ఎన్160 ఈ రెండు జాతుల మధ్యలో ఉంటాయి. స్కూటర్ మీద ఏళ్ల అనుభవం ఉండి, రోడ్డు మీద భయం పోయినవాళ్లు వీటిని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఎత్తు తక్కువున్నవాళ్లకి ఇంకో దారి ఉంది, మనవాళ్లు దాన్ని అంతగా పట్టించుకోరు: బజాజ్ అవెంజర్ 160. సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే. రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి. పొడవైన బండి కాబట్టి సందుల్లో తిప్పడం ఓపిక అడుగుతుంది.

## 350: బుల్లెట్ మోజు

ఈ మోజుని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఆ శబ్దం, ఆ నిలబడే తీరు చూసి డబ్బు దాచుకునేవాళ్లు ఎందరో. పైగా ఇంజన్ వరకు చూస్తే క్లాసిక్ 350 కొత్తవాళ్లకి కఠినమైనది కాదు. 20 హార్స్‌పవర్ అంటే ఎంటీ-15 కంటే రెండే ఎక్కువ. 27 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) కింది నుంచే వస్తుంది కాబట్టి క్లచ్ కాస్త తప్పుగా వదిలినా బండి ఆగిపోదు. రోడ్డు మీద అరవై, డెబ్భైలో వెళ్తుంటే కుదురుగా ఉంటుంది, లారీ గాలికి చలించదు.

అసలు సమస్య కదలనప్పుడు. పార్కింగ్‌లో నుంచి వెనక్కి లాగడం, ఏటవాలులో ఆపడం, సెంటర్ స్టాండ్ వేయడం, గల్లీలో ఎదురుగా కారు వస్తే వెనక్కి నెట్టడం. కొత్తలో ఇవన్నీ రోజుకి నాలుగైదుసార్లు చేయాల్సి వస్తుంది. ఇప్పటి మోడళ్లకి కిక్ కూడా లేదు, బ్యాటరీ దిగితే 195 కిలోలు తోయాలి. పడితే క్రాష్ గార్డ్ బండిని కాపాడుతుంది. కింద ఇరుక్కున్న కాలిని కాపాడుతుందని చెప్పలేం.

350 తప్ప వేరేది వద్దు అనుకుంటే హంటర్ నుంచి మొదలుపెట్టండి. 2022 ఆగస్టులో వచ్చిన ఈ బండి క్లాసిక్ కంటే 14 కిలోలు తేలిక, పొట్టి, తిప్పడం సులువు. ధర కూడా తక్కువ. గతుకుల్లో వెనక సస్పెన్షన్ కాస్త గట్టిగా తగులుతుందన్నది పాత బ్యాచ్ బండ్ల మీద చాలామంది మాట. మీటియర్‌లో సీటు 765 కాబట్టి కాళ్లు బాగా ఆనుతాయి, బరువు మాత్రం 191. నా సలహా అడిగితే, ఆరు నెలలు సెకండ్ హ్యాండ్ చిన్న బండి నడిపి తర్వాత క్లాసిక్ తీసుకోండి. మోజు ఆరు నెలల్లో ఎక్కడికీ పోదు.

కేటీఎం 200 డ్యూక్, ఆ పై బండ్ల గురించి ఒక్క వాక్యం: తేలికపాటి బండికి 25 హార్స్‌పవర్ పెట్టారంటే అది రెండో బండి. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకి టూవీలర్లని అసలు రానివ్వరు. ఆ పవర్ వాడే చోటు కూడా రోజువారీ దారిలో లేదు. ఇక ఎలక్ట్రిక్ మోటార్‌సైకిళ్లలో చాలావాటికి క్లచ్, గేర్లు ఉండవు. గేర్ల బండి నేర్చుకోవాలనే మీ కోరిక వాటితో తీరదు కాబట్టి వాటిని వదిలేస్తున్నా.

## ఎవరికి ఏది

కాలేజీ కుర్రాళ్లు, నెలకి మూడువందల కిలోమీటర్లు: మైలేజీ మర్చిపోండి. ఏబీఎస్ ఉన్న 125 లేదా ఎఫ్‌జెడ్. ఇంట్లోవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: పద్దెనిమిది నిండకుండా గేర్ల బండి ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ నడిపి దొరికితే తల్లిదండ్రులకి లేదా బండి ఓనర్‌కి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

రోజూ నలభై, యాభై కిలోమీటర్ల ఉద్యోగం: ఇక్కడ పెట్రోలు లెక్క నిజంగానే బరువవుతుంది. ఏబీఎస్ ఉన్న 125 సరైన చోటు. దారిలో హైవే ముక్క ఎక్కువుంటే యూనికార్న్.

స్కూటీ నుంచి మారే అమ్మాయిలు: ముందు లైసెన్స్ తీసి చూసుకోండి. గేర్ లేని బండికి మాత్రమే ఇచ్చిన లైసెన్స్‌తో మోటార్‌సైకిల్ నడపకూడదు, గేర్ల బండికి మళ్లీ ఎల్ఎల్ఆర్ (లర్నర్ లైసెన్స్) తీసుకోవాలి. బండి విషయానికొస్తే ట్రాఫిక్ మీకు కొత్త కాదు, క్లచ్ ఒక్కటే కొత్త. కాబట్టి 100 సీసీ దాకా దిగక్కర్లేదు. ఎత్తుని బట్టి ఎఫ్‌జెడ్ గానీ అవెంజర్ గానీ కూర్చుని చూడండి. "లేడీస్‌కి ఇది బరువండీ" అని సేల్స్ అతను అంటే, నెట్టి చూపించి మీరే తేల్చుకోండి.

ఊళ్లో ఉండి పొలం పనికి, టౌనుకి: ఇక్కడ నేను నా నియమాన్నే సడలిస్తాను. వేగం తక్కువ, బరువులు ఎక్కువ, మెకానిక్ దగ్గర. స్ప్లెండర్ తీసుకోండి. ముందు డిస్క్ ఉన్న వేరియంట్ దొరికితే దాన్నే అడగండి.

వారాంతాల్లో అరకు, శ్రీశైలం వెళ్లాలని కలలు: ఘాట్ రోడ్డు మీద మొదటి బండితో మొదటి నెలలోనే వెళ్లకండి. వెళ్లే రోజుకి 160 సరిపోతుంది. నల్లమల అడవి దారి రాత్రిపూట మూసేస్తారు కాబట్టి శ్రీశైలం ప్రయాణం పగలే పెట్టుకోవాలి, దానికి పెద్ద ఇంజన్ అవసరం ఇంకా తక్కువ.

## సెకండ్ హ్యాండ్ తీసుకుంటే

నేర్చుకునేటప్పుడు బండి ఒకటి రెండుసార్లు పడుతుంది. కొత్త ట్యాంకు మీద సొట్ట పడితే వచ్చే టెన్షన్ పాత బండికి ఉండదు. మూడు, నాలుగేళ్ల ఎఫ్‌జెడ్, అపాచీ, యూనికార్న్ అయితే ఏబీఎస్ ఉంటుంది, కొత్త 100 సీసీ ధరకే రావచ్చు. నాకు ఇదే అన్నిటికన్నా తెలివైన బేరం అనిపిస్తుంది, పేపర్లు శుభ్రంగా ఉంటే.

చూడటానికి ఉదయం వెళ్లండి, ఇంజన్ ముందే వేడి చేసి ఉంచొద్దని ఫోన్‌లోనే చెప్పండి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. హ్యాండిల్ తిన్నగా ఉండి చక్రం పక్కకి చూస్తుంటే బండి గట్టిగా తగిలిందని అర్థం. ముందు షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ జిడ్డు ఉందేమో తడిమి చూడండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని.

ఆర్సీ వివరాలు, పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. లోన్ మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోన్ తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని పేరు మార్పించుకోండి, ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదకి రావాలి. "తర్వాత మార్చుకుందాంలే అన్నా" అనే మాటకి ఒప్పుకోకండి. మీ పేరు మీద లేని బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది మీకే.

## షోరూమ్ బిల్లు

ఎక్స్-షోరూమ్ ధర చూసి బడ్జెట్ వేసుకోవద్దు. లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపిన ఆన్-రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. అందులో సీటు కవరు, క్రాష్ గార్డ్, టెఫ్లాన్ కోటింగ్ లాంటివి మీరు అడక్కుండానే చేరి ఉంటే కొట్టేయించండి. ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్ (మన బండికి జరిగే నష్టానికి) బయట నుంచి తెచ్చుకోవచ్చు, ఒకసారి రేటు పోల్చి చూడండి.

అలా మిగిలిన డబ్బు హెల్మెట్‌కి పెట్టండి. ఐఎస్ఐ మార్కు ఉన్నది, తల మీద బిగుతుగా కూర్చునేది, గడ్డం కింద స్ట్రాప్ పెట్టుకుని అటూ ఇటూ ఊపితే కదలనిది. వెనక కూర్చునేవాళ్లకీ ఒకటి. ఎల్ఎల్ఆర్ మీద ఉన్నన్నాళ్లు నేర్పే మనిషిని తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు కాబట్టి ఆ రెండోది మెల్లగా కొన్నా పర్లేదు. కనీసం ముప్పై రోజులు ఆగాకే పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకి వెళ్లగలరు.

డెలివరీ రోజున కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఫొటోలు అయ్యాక ఒక పని చేయించుకోండి. క్లచ్ లివర్, వెనక బ్రేక్ పెడల్ మీ చేతికీ కాలికీ సరిపోయేలా షోరూమ్ మెకానిక్ చేత సర్దించండి. అయిదు నిమిషాల పని, డబ్బులు తీసుకోరు. కొత్త టైర్ల మీద నునుపు పోయేదాకా తొలి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా వెళ్లండి, వానలో అయితే మరీ.